షుగర్ పుండుకి కాలి బొటనవేలు తీసేశారు, డ్రెస్సింగ్ మా ఊరి పీహెచ్‌సీలో చేయిస్తే చాలా?

డ్రెస్సింగ్ వరకైతే పీహెచ్‌సీ చాలు. ప్రైవేటులో పోసేదీ అదే సెలైన్, పెట్టేదీ అదే గాజు గుడ్డ. కానీ ఆ డ్రెస్సింగ్ కోసం నాన్నగారిని రోజూ కిలోమీటరు నడిపించుకెళ్తున్నామని రాశారే, ఆ నడకే పుండుని మాననివ్వదు.

బొటనవేలు పోయాక అది మోసే బరువు దాని వెనకున్న ఎముక మీదా, పక్క వేళ్ల మీదా పడుతుంది. ఆయన చెప్పు లోపలివైపు చూడండి. వేళ్ల మొదట్లో గుంటలు పడి ఉంటాయి. ఏ గుంట లోతుగా, నల్లగా ఉందో అరికాల్లో సరిగ్గా అక్కడే చర్మం ఆనెకాయలా గట్టిపడుతుంది. తర్వాతి పుండు లేచేది దాని కిందే. ఇంట్లో బ్లేడు పెట్టకండి, అలవాటున్న డాక్టరు చేత పల్చగా చెక్కించండి. స్పర్శ పోయిన కాలు కాబట్టి "నొప్పేం లేదురా" అని ఆయన అన్నా నమ్మొద్దు.

ఏఎన్ఎం దగ్గర డ్రెస్సింగ్ నేర్చుకుని ఇంట్లోనే చేయండి. పాత గాజు అంటుకుంటే లాగకుండా సెలైన్‌తో తడిపి తీయాలి. పుండు కడిగి, చుట్టూ చర్మం ఆరనిచ్చి, కొత్త గాజు పెట్టి, వేళ్ల వైపు నుంచి పైకి వదులుగా కట్టు కట్టాలి. హైడ్రోజన్ పెరాక్సైడ్ నురగ చూసి మురిసిపోయే అలవాటు మనవాళ్లకి ఇంకా పోలేదు. అది కొత్తగా వస్తున్న కండనీ దెబ్బతీస్తుంది. ఇక పసుపూ, కాఫీపొడీ అద్దేవాళ్లకి దండం. పగలు వాకర్, రాత్రికి మంచం పక్కనే కమోడ్ కుర్చీ. నిద్రమత్తులో బాత్రూమ్‌కి ఒట్టికాళ్లతో వేసే పది అడుగులు వారం రోజులుగా మానినదాన్ని చెడగొడతాయి.

మానాక ఎంసీఆర్ (మైక్రోసెల్యులర్ రబ్బరు అనే మెత్తటి రబ్బరు వేసిన) చెప్పులు కావాలి. లోపలి రబ్బరు చేతి బొటనవేలితో నొక్కితే దిగాలి, అడుగు మాత్రం ముల్లు దిగనంత గట్టిగా ఉండాలి. మేకులు ఉండకూడదు, మడమ వెనక పట్టీ ఉండాలి. మొదటిరోజు అరగంటే వేయించి పాదం చూడండి, ఎర్రమచ్చ అరగంటైనా పోకపోతే చెప్పు సరిపోలేదన్నమాట. ప్రభుత్వ కుష్ఠు నిర్మూలన కార్యక్రమంలో స్పర్శ లేని పాదాలకి ఇవే చెప్పులు ఉచితంగా ఇస్తారు. షుగర్‌తో స్పర్శ పోతే మాత్రం కొనుక్కోవాలి! రెండు పాదాలకీ ముల్లు ఒకేలా గుచ్చుకుంటుంది కదా, ఈ తేడా ఏమిటో.

ఎరుపు పైకి పాకినా, వాసనొచ్చినా, జ్వరమొచ్చినా, వేలు నల్లబడినా పీహెచ్‌సీ దగ్గర ఆగొద్దు. ఆ రోజే జిల్లా ఆసుపత్రి సర్జరీ విభాగానికి ఆటోలో తీసుకెళ్లండి.

మీది ఆంధ్ర అయితే ఇంకొకటి. ఆపరేషన్ తర్వాత ఇంటిపట్టున ఉండే రోజులకి రోజుకి 225 రూపాయలు, నెలకి 5000 మించకుండా, ఆరోగ్య ఆసరా అని 2019లో పెట్టారు. మీ కేసుకి ఏమైనా వస్తుందేమో ఆపరేషన్ చేసిన ఆసుపత్రిలోని ఆరోగ్యమిత్రని అడగండి, డిశ్చార్జి కాగితాలు చేతిలో పెట్టుకుని వెళ్లండి.