మాట్లాడాల్సింది కోడలితో కాదు

ప్రశ్న: నా వయసు 67. భార్య పోయి రెండేళ్లయింది. ఇల్లు అద్దెకిచ్చి వచ్చే నెల అబ్బాయి దగ్గరికి వెళ్లిపోతున్నాను. నా దగ్గర నాలుగు అక్వేరియంలు ఉన్నాయి. గోల్డ్ ఫిష్ ఒకదానిలో, ఏంజెల్స్ ఒకదానిలో, గప్పీలు ఇంకోదానిలో, చిన్నదానిలో ఒక ఫైటర్. ‘హాల్లో ఒక్కటైతే పెట్టుకోవచ్చు మామయ్యగారూ’ అని కోడలు ఫోనులో చెప్పింది. అందుకే నాలుగూ తీసేసి, 400 లీటర్ల పెద్ద తొట్టి ఒకటి కొని, అన్నింటినీ అందులోకి మార్చాలనుకుంటున్నాను. ఇల్లు మారేటప్పుడే కొనడం మంచిదా, వెళ్లి కొంతకాలం ఆగాక కొనాలా? మొదటి తొట్టి మావాడు అయిదో తరగతిలో ఉండగా మారాం చేస్తే కొన్నది. ఇప్పుడు వాడికి వీటి ధ్యాసే లేదు.

జవాబు: అయ్యా, ఇప్పుడు కొనకండి. ఆగాక కూడా ఈ కారణంతో కొనకండి. గోల్డ్ ఫిష్‌కు కాస్త చల్లని నీళ్లు కావాలి, ఏంజెల్స్‌కు వెచ్చనివి కావాలి. ఏంజెల్ నోట్లో పట్టే గప్పీ ఏంజెల్‌కు ఆహారమే. ఫైటర్ సంగతి పేరులోనే ఉంది. ఇన్నేళ్లుగా చేపలు పెంచుతున్న మీకు ఇవన్నీ నేను చెప్పాలా? తెలిసి కూడా నాలుగింటినీ ఒకే తొట్టిలో కుదించడానికి సిద్ధపడ్డారంటే, మీ మనసు చేపల మీద లేదు.

400 లీటర్ల నీళ్లంటే 400 కిలోలు. అద్దం, గులకరాళ్లు, స్టాండు కలిపితే అర టన్ను దాటుతుంది. ఒకసారి నిలబెట్టాక దాన్ని ఎవరూ జరపలేరు. ఆ ఇంట్లో మీకు కావలసింది అదేనని నాకనిపిస్తోంది. ‘ఒక్కటి’ అన్న మాటను పాటించినట్టూ ఉంటుంది, హాలు మధ్యలో నేనున్నానని చెప్పినట్టూ ఉంటుంది. ఆ సంగతి అద్దాల పెట్టెతో కాదు, నోటితో చెప్పాలి.

ఎవరికి చెప్పాలి? కోడలికి కాదు. ఆవిడ తప్పేమీ నాకు కనబడటం లేదు. తన ఇంట్లో ఎంత చోటుందో మర్యాదగా చెప్పింది, పైగా ముందే చెప్పింది. నాకు కోపం వచ్చింది మీ అబ్బాయి మీద. ఇంత ఉత్తరంలో అతను మాట్లాడిన మాట ఒక్కటి లేదు. తండ్రి ఇల్లు వదిలి వస్తుంటే ఏం తెచ్చుకోవాలో, ఎక్కడ పెట్టుకోవాలో అడగాల్సింది కన్నకొడుకు. చెప్పడానికి ఇబ్బందిగా ఉన్న మాట భార్య చేత చెప్పించి పక్కన కూర్చునే మగవాళ్లను చాలామందిని చూశాను. రేపు ఏ చిన్న తేడా వచ్చినా కోడలు చెడ్డదవుతుంది, అతను మంచివాడుగానే మిగులుతాడు. మీరు కూడా అతన్ని ఒక్క మాట అడగకుండా, లెక్కలన్నీ కోడలి మాట మీదే వేసుకున్నారు. అతన్ని అలా తయారుచేయడంలో మీ వంతూ ఉంది.

మీరు అతిథిగా వెళ్లడం లేదు, దయ మీద వెళ్లడమూ లేదు. ఇల్లు అమ్మకుండా అద్దెకిచ్చారు, మంచి పని చేశారు. ఆ అద్దె మీ చేతిలోనే ఉండనివ్వండి. తొట్టి కరెంటు, చేపల మేత ఖర్చు మీరే పెట్టుకోండి. నీళ్లు మార్చే పని ఒక్క రోజు కూడా కోడలి మీద పడకూడదు. హాలు ఆవిడ ఇష్టం. మీకిచ్చిన గదిలో ఫైటర్ తొట్టి పెట్టుకోవడానికి మాత్రం ఎవరి అనుమతీ అక్కర్లేదు. హాల్లోకి ఏంజెల్సా, గోల్డ్ ఫిషా అన్నది అబ్బాయిని తేల్చమనండి. మిగిలినవి పెంచడం తెలిసిన వాళ్లకు ఇవ్వండి. చెరువులోనో కాలువలోనో మాత్రం వదలకండి, అక్కడి చేపలకు అది చేటు.

పెద్ద తొట్టి కొనాల్సిన రోజు వస్తే అది చేపల వల్ల రావాలి. గోల్డ్ ఫిష్ జానెడు పెరిగి తిరగడానికి చోటు చాలకపోయినా, వారం వారం నీళ్లు మార్చినా నీటి పరీక్షలో నైట్రేటు (చేపల వ్యర్థాల వల్ల నీటిలో పేరుకునేది) దిగకపోయినా అప్పుడు కొనండి. కొత్త ఫిల్టరులో నీటిని శుభ్రం చేసే మంచి బ్యాక్టీరియా కుదురుకోవడానికే సుమారు 4 నుంచి 6 వారాలు పడుతుంది. ఇల్లూ తొట్టీ ఒకేసారి మారిస్తే ఆ భారం మోసేది చేపలే.

సామాను కదిలే రోజుకు అబ్బాయిని సెలవు పెట్టి ముందు రోజే రమ్మనండి. ప్యాకింగు వాళ్లు చూసుకుంటారులే అంటే ఒప్పుకోకండి. వాళ్లు సగం నీళ్లతోనే తొట్టి ఎత్తుతారు, అతుకులు విడిపోతాయి. నీళ్లు, రాళ్లు పూర్తిగా తీసేశాకే తొట్టి కదలాలి. చేపలకు ముందు రోజు నుంచి మేత ఆపండి. సంచిలో మూడో వంతు నీళ్లు, మిగతాది గాలి ఉండాలి. వాటిని థర్మోకోల్ పెట్టెలో పెట్టి మూత వేయండి. ఫిల్టరు స్పాంజిని కుళాయి కింద కడగవద్దు. చేపల వ్యర్థాల్లోంచి వచ్చే అమ్మోనియాను తినే ఆ బ్యాక్టీరియా ఉండేది దానిలోనే, క్లోరిన్ తగిలితే చస్తుంది. తొట్టిలోని పాత నీళ్లనే బకెట్టులో పోసి స్పాంజిని అందులో ముంచి, గాలి ఆడేలా తీసుకెళ్లండి. అక్కడికి చేరాక మంచాల కంటే ముందు తొట్టి నిలబెట్టి, కొత్త నీళ్లలో క్లోరిన్ విరిచే మందు కలపండి.

వల పట్టేది మీరు, సంచి నోరు తెరిచి పట్టుకునేది అతను. ఒక్కరి వల్ల అయ్యే పని కాదు. ఆ పూటంతా ఇద్దరూ ఒకే గదిలో ఉండక తప్పదు కనుక, అడగాల్సినవి అప్పుడే అడగండి. నీకు నేను రావడం ఇష్టమేనా అన్న ప్రశ్నతో సహా.

ఈ సాయంత్రమే ఫోను చేయండి. కోడలు ఎత్తితే కుశలం అడిగి, అబ్బాయికి ఇమ్మనండి.