బంగారు గీత రాకపోతే డెంగీ కానట్టేనా?

ప్రశ్న: మాది ఒడిశాలోని పర్లాకిమిడి. మొన్నటి వానల్లో మా మరిదికి జ్వరం మొదలైన ఏడో రోజున ఒక ల్యాబులో డెంగీ కార్డు పరీక్ష చేయించాం. ఎన్‌ఎస్‌1 (డెంగీ వైరస్ ప్రోటీన్) ఒక్కటే చూసే ఆ కార్డులో గీత రాలేదు కాబట్టి డెంగీ కాదన్నారు. కార్డును ఇంటికి తెచ్చుకుని రాత్రి చూస్తే అదే చోట పలచని ఎర్ర గీత కనిపించింది. రెండు రోజుల తరువాత బరంపురంలో ఐజీఎం (వైరస్ మీద శరీరం తయారుచేసే యాంటీబాడీలు) పరీక్ష చేసి డెంగీయే అన్నారు. దేన్ని నమ్మాలి? ఆ గీతలో బంగారం ఉంటుందన్న మాట నిజమేనా? మా వీధి ఆశా కార్యకర్త దగ్గర మలేరియా కార్డులుంటాయి, ఎండాకాలంలో అవి పాడవుతాయా?
– ఒక పాఠకురాలు, గజపతి జిల్లా

జవాబు: బంగారం మాట నిజమే. ఇలాంటి చాలా కార్డుల్లో గీతకు రంగునిచ్చేవి సుమారు 20 నుంచి 40 నానోమీటర్ల బంగారు రేణువులు. తలవెంట్రుక మందం దాదాపు 80,000 నానోమీటర్లు ఉంటుంది. అంత సూక్ష్మంగా మారిన బంగారంలో పసుపు రంగు కనబడదు. రేణువులోని ఎలక్ట్రాన్లు వెలుగుతో పాటు ఊగుతూ 520 నానోమీటర్ల దగ్గరి ఆకుపచ్చ కాంతిని పీల్చుకోవడం వల్ల మిగిలినది మన కంటికి ఎర్రగా తోస్తుంది. వెయ్యి కార్డులు పోగేసినా ముక్కుపుడకకు చాలదు కనుక ఆశపడవలసిన పని లేదు.

కార్డులో వేసిన రక్తపు చుక్క, వత్తిలో నూనె పాకినట్టు, నైట్రోసెల్యులోజ్ అనే కాగితంలాంటి పట్టీ వెంట పాకుతూ దారిలో ఈ రేణువులను కలుపుకుంటుంది. రేణువులకు ముందే అంటించిన యాంటీబాడీలు రక్తంలోని ఎన్‌ఎస్‌1 అనే వైరస్ ప్రోటీన్‌ను పట్టుకుంటాయి. టి (టెస్ట్, అంటే ఫలితం చూపే) గీత దగ్గర కదలకుండా అతికించిన మరో యాంటీబాడీ అదే ప్రోటీన్‌ను రెండో వైపు నుంచి పట్టుకుంటుంది. అలా వేలాది రేణువులు ఒకేచోట చిక్కుకున్నప్పుడే గీత కనబడుతుంది. మిగిలిన రేణువులు సి (కంట్రోల్, అంటే కార్డు సరిగ్గా పనిచేసిందని చూపే) గీత దగ్గర ఆగుతాయి. సి గీత రాని కార్డు చెల్లదు, మళ్ళీ చేయవలసిందే.

మీ మరిది విషయంలో అసలు చిక్కు రోజుల లెక్కలో ఉంది. ఎన్‌ఎస్‌1 జ్వరం మొదటి రోజు నుంచే రక్తంలో దొరుకుతుంది గాని, అయిదో రోజు దాటాక సాధారణంగా తగ్గిపోతుంది; లోగడ ఒకసారి డెంగీ వచ్చినవారిలో పాత యాంటీబాడీలు దాన్ని చుట్టుముట్టడం వల్ల ఇంకా ముందే కార్డుకు అందకుండా పోవచ్చు. ఐజీఎం యాంటీబాడీలు నాలుగైదు రోజుల తరువాతే తయారవుతాయి. కాబట్టి ఏడో రోజున ఎన్‌ఎస్‌1 ఒక్కటే చూసి డెంగీ కాదనడం తొందరపాటు. బరంపురం ఫలితమే నమ్మదగినది. అయితే ఐజీఎం కూడా దగ్గరి చుట్టమైన వైరస్‌ను చూసి పొరబడవచ్చు. 2016లో ఒడిశాలోని మల్కనగిరి జిల్లాను పట్టి పీడించిన జపనీస్ ఎన్‌సెఫలైటిస్ వైరస్ డెంగీ కుటుంబానిదే. దోమకాటు జబ్బుల మీద మన దేశం నడిపే జాతీయ కార్యక్రమం కూడా డెంగీ నిర్ధారణకు ఎలీసా అనే ల్యాబు పరీక్షనే అడుగుతుంది, కార్డు ఫలితం ఒక్కదానితో సరిపెట్టుకోదు. కోవిడ్ కాలంలో, 2020లో, లక్షణాలున్నవారికి యాంటిజెన్ కార్డు నెగెటివ్ వస్తే ఆర్‌టీ-పీసీఆర్ చేయాలని భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) చెప్పినదీ ఇలాంటి కారణంతోనే.

రాత్రి కనిపించిన గీతను లెక్కలోకి తీసుకోకండి. కిట్‌లోని కాగితంలో రాసిన గడువు, సాధారణంగా 15 నుంచి 20 నిమిషాలు, దాటాక పట్టీ ఆరుతూ ద్రవం వెనక్కి మళ్ళి, ఏమీ లేనిచోట కూడా రేణువులు పేరుకోవచ్చు. చివరికి జబ్బు డెంగీయే అయినంత మాత్రాన ఆ గీత నిజమైపోదు. గడువులోపల వచ్చినదైతే ఎంత పలచనిదైనా పాజిటివే. ఇంకొక మాట, రక్తం పడిన కార్డును ఇంటికి తెచ్చుకోకూడదు, ల్యాబు వారు ఇవ్వనూ కూడదు.

మలేరియా కార్డులకు చాలావరకు ఫ్రిజ్ అక్కరలేదు. ఎంత వేడి వరకు తట్టుకుంటాయో కవరు మీదే అచ్చువేసి ఉంటుంది. ఆ అంకె 30 డిగ్రీలైతే రేకుల కప్పు కింద, మే నెల మధ్యాహ్నం, పెట్టెలో ఉంచిన కార్డు మీద భరోసా పెట్టుకోలేం. ఇంట్లో చల్లగా ఉండే మూల, నేలకు దగ్గరగా పెట్టడం మేలు. వేడితో పాటు తేమ కూడా ప్రమాదమే కనుక కవరును పరీక్ష చేసే క్షణం వరకు చించకూడదు. ఫ్రిజ్‌లో పెట్టినదైతే, చల్లటి పట్టీ మీద నీటి చెమ్మ పట్టకుండా, కవరు గది వేడికి వచ్చాకే తెరవమని ఆశా కార్యకర్తకు చెప్పండి.