సీరియల్‌లో గుండె మానిటర్‌పై గీత తిన్నగా మారాక ఛాతీకి కరెంటు షాక్ ఇస్తే రోగి లేచి కూర్చుంటాడు. నిజంగా అలా జరుగుతుందా?

జరగదు. మానిటర్‌పై గీత తిన్నగా సాగితే గుండెలో విద్యుత్ చలనమే లేదని అర్థం. దీన్ని అసిస్టోల్ అంటారు. షాక్ ఆగిన గుండెను నడిపించదు; అడ్డదిడ్డంగా అదిరే గుండెను క్షణకాలం నిలిపి, సొంత లయ అందుకునే వీలు కల్పిస్తుంది. ఆ అదురు పేరు వెంట్రిక్యులర్ ఫిబ్రిలేషన్. అప్పుడు తెరపై పసిపిల్లలు గీసినట్టు పిచ్చిగీతలు కనిపిస్తాయి.

తిన్నని గీతకు చేయాల్సింది ఛాతీ నొక్కడం: నిమిషానికి 100 నుంచి 120 సార్లు, పెద్దవాళ్లకైతే కనీసం 5 సెంటీమీటర్ల లోతున. దాంతోపాటు 3 నుంచి 5 నిమిషాలకోసారి 1 మిల్లీగ్రాము అడ్రినలిన్ మందు ఇస్తారు. నొక్కేవారి చెమట రోగి మీద రాలుతుంది. ఒక్కోసారి పక్కటెముక విరిగిన చప్పుడూ వినిపిస్తుంది, అయినా ఆపకూడదు. నటుడి ఛాతీని అంత గట్టిగా నొక్కలేరు కాబట్టి సీరియల్‌లో మోచేతులు వంచి సుతారంగా అద్దుతారు. చూసేవాళ్లు అదే పద్ధతి అనుకుంటారు, నా బాధ అదే.

కర్నూలులో అత్యవసర విభాగం నర్సుగా, "ఒక్కసారి షాక్ పెట్టండమ్మా" అని నా చేతులు పట్టుకున్న తండ్రిని చూశాను. ఆ క్షణంలో ఇదంతా ఎలా చెప్పను? మీ ఎదుట ఎవరైనా కుప్పకూలి, ఊపిరి తీసుకోకపోతే 108కి ఫోన్ చేయండి. అంబులెన్స్ వచ్చేదాకా మోచేతులు వంచకుండా నొక్కుతూనే ఉండండి.