బాబుకి ఆర్‌సీ విమానం కొనాలా, ముందు క్లబ్‌కి తీసుకెళ్ళాలా?

టెక్సస్‌లో డల్లాస్ పక్కనున్న ఇర్వింగ్‌లో ఉంటున్నాం, పదకొండేళ్ళ బాబు రేడియో కంట్రోల్ విమానం కావాలని ఇంట్లో ఒకటే గొడవ, కొనిచ్చి పక్కనున్న పార్కులో ఎగరేయించొచ్చా, ఇలాంటి విమానాలు ఎగరేసే క్లబ్ వాళ్ళు మనలాంటి కొత్తవాళ్ళని రానిస్తారా అని మీరు అడిగారు. ఇప్పుడే ఏమీ కొనకండి. దగ్గర్లో ఏ క్లబ్ ఫన్ ఫ్లై (అందరూ కలిసి సరదాగా విమానాలు ఎగరేసే రోజు) పెడుతోందో చూసుకుని, ఆ శనివారం బాబుని వెంటబెట్టుకుని వెళ్ళండి. డల్లాస్ పక్కన ఒక క్లబ్‌లో నేనూ మా అమ్మాయీ కొన్నేళ్ళుగా ఉన్నాం, ఆ అనుభవంతో చెప్తున్నాను.

పార్కు ఆలోచన మానుకోండి. ఇర్వింగ్ డీఎఫ్‌డబ్ల్యూ (డల్లాస్ ఫోర్ట్ వర్త్) ఎయిర్‌పోర్టుని ఆనుకునే ఉంది. అక్కడ చాలా చోట్ల నేల దగ్గర్నుంచే కంట్రోల్డ్ ఎయిర్‌స్పేస్, అంటే ఎయిర్ ట్రాఫిక్ కంట్రోల్ అదుపులో ఉండే గగనతలం, ముందుగా అనుమతి లేకుండా ఎంత తక్కువ ఎత్తులోనూ ఎగరేయకూడదు. ఎక్కడ ఎగరేసినా 250 గ్రాములు దాటిన విమానానికి ఎఫ్ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) దగ్గర రిజిస్ట్రేషన్ ఉండాలి. 5 డాలర్లు, మూడేళ్ళు పనిచేస్తుంది. బాబుకి 13 నిండలేదు కాబట్టి మీ పేరు మీద చేయించి, ఆ నంబరు విమానం పైన కనపడేలా అంటించాలి. ట్రస్ట్ అని ఒక ఆన్‌లైన్ పరీక్ష ఉంది, ఉచితం. తప్పు జవాబిస్తే సరైనదేదో చెప్పి ముందుకి పంపిస్తుంది, ఫెయిలవుతాడని టెన్షన్ అక్కర్లేదు. ఇవి కాక రిమోట్ ఐడీ అని విమానం ఎవరిదో, ఎక్కడుందో తెలిపే చిన్న ప్రసార పరికరం కూడా విమానంలో ఉండాలి. చాలా క్లబ్ మైదానాలకి ఎఫ్ఏఏ గుర్తింపు ఉంది, అక్కడైతే ఆ పరికరం లేకుండానే ఎగరేసుకోవచ్చు. క్లబ్ వైపు మొగ్గడానికి నాకు ఈ ఒక్క కారణం చాలు.

ఈ క్లబ్బులన్నిటికీ పెద్ద దిక్కు అకాడమీ ఆఫ్ మోడల్ ఏరోనాటిక్స్, అందరూ ఏఎంఏ అంటారు. 1936లో మొదలైంది, ఆఫీసు ఇండియానాలోని మన్సీలో. దాని సభ్యత్వంతో ఇన్సూరెన్స్ వస్తుంది కాబట్టి క్లబ్బులు ముందు అదే అడుగుతాయి. కొత్తవాళ్ళు సభ్యత్వం తీసుకోకముందే శిక్షకుడి పక్కన నిలబడి నాలుగు రోజులు ఎగరేసి చూసుకునే ఏర్పాటు చాలా చోట్ల ఉంటుంది, అడగండి.

ఇక ఫన్ ఫ్లై. పొద్దున్నే పైలట్ల మీటింగ్ పెట్టి గాలి ఎటుంది, ఏ గీత దాటకూడదు, జనం ఎటు కూర్చుంటారు అన్నీ చెప్తారు. ఆ తర్వాత చెవులకి పని. "టేకాఫ్!", "ల్యాండింగ్!" అని పైలట్లు గట్టిగా అరుస్తుంటారు. "డెడ్ స్టిక్!" అని వినపడిందంటే ఎవరిదో ఇంజిన్ గాల్లోనే ఆగిపోయిందని అర్థం, మిగతావాళ్ళంతా రన్‌వే ఖాళీ చేసి దారిస్తారు. రన్‌వే మీద గీసిన వృత్తంలో దింపే పోటీ, బెలూన్లు పగలగొట్టడం, పిల్లల కోసం విమానంలోంచి చాక్లెట్లు కురిపించడం ఉంటాయి. చాక్లెట్లు పడేటప్పుడు మాత్రం ఎగిరేవన్నీ దిగాకే పిల్లల్ని మైదానంలోకి వదులుతారు. భోజనం హాట్‌డాగులూ బర్గర్లూ. శాకాహారులైతే చిప్స్‌తో సరిపెట్టుకోవాలి, పులిహోర డబ్బా పట్టుకెళ్ళండి. మా డబ్బా చుట్టూ ఎప్పుడూ ముగ్గురు నలుగురు తాతలు చేరతారు.

తాతలు అని ఊరికే అనలేదు. ఈ క్లబ్బుల్లో ఎక్కువమంది రిటైరైనవాళ్ళే, ఎయిర్‌ఫోర్స్‌లో చేసినవాళ్ళూ ఉంటారు. పిల్లలు రావడం తగ్గిపోయిందని వాళ్ళకి బెంగ. మీ బాబు వెళ్ళి "ఇదేం విమానం?" అని అడిగితే చాలు, అరగంట కదలనివ్వరు. అలాగని అన్ని క్లబ్బులూ ఒకలా ఉండవు. డ్రోన్ అంటే మొహం చిట్లించేవాళ్ళూ, కొత్తవాళ్ళని పట్టించుకోకుండా తమ గుంపులోనే కూర్చునేవాళ్ళూ కొన్నిచోట్ల ఉన్నారు. అలా అనిపిస్తే ఇంకో క్లబ్ చూసుకోండి, డల్లాస్ చుట్టుపక్కల వాటికి కొరత లేదు.

అక్కడ తప్పకుండా అడగాల్సింది బడ్డీ బాక్స్. రెండు ట్రాన్స్‌మిటర్లు (విమానాన్ని నడిపే రిమోట్లు) కలిపి ఉంటాయి, ఒకటి శిక్షకుడి చేతిలో, ఒకటి బాబు చేతిలో. శిక్షకుడు స్విచ్ నొక్కి పట్టుకున్నంతసేపూ విమానం బాబుది, వేలు తీసిన క్షణం ఆయనది. మా అమ్మాయి మొదటిసారి పట్టుకున్నప్పుడు విమానం దూరంగా వెళ్తున్నంతసేపూ బాగానే ఉంది. మలుపు తిరిగి మా వైపు వస్తుంటే కుడి ఎడమలు తారుమారయ్యాయి, కుడికి నొక్కితే మనకి ఎడమకి పోతున్నట్టు కనిపిస్తుంది. కొత్తవాళ్ళ విమానాలు ఎక్కువగా కూలేది ఇక్కడే. పక్కనున్న పెద్దాయన కంగారు పడకుండా, "ఏ రెక్క కిందికి వాలిందో స్టిక్ ఆ వైపుకి తొయ్యి" అన్నాడు. రెక్క లేచి సమానమైంది. ఎవరైనా ముందుగా నేర్చుకోవాల్సిన కిటుకు అదే. "మూడు తప్పులంత ఎత్తులో ఎగరెయ్యి" అని కూడా అంటారు వాళ్ళు, మూడుసార్లు పొరపాటు చేసినా నేల తగలనంత ఎత్తని.

కొనడం ఆ తర్వాత. రెక్క పైన ఉండే ఫోమ్ ట్రైనర్ (నేర్చుకునేవాళ్ళ కోసం చేసిన విమానం) తీసుకోండి, విరిగినా జిగురుతో అతుక్కుంటుంది. బ్యాటరీ, ట్రాన్స్‌మిటర్‌తో కలిపి రెండు మూడు వందల డాలర్లలో మంచివి దొరుకుతాయి. ఫైటర్ జెట్ కావాలని పేచీ పెడతాడు, లొంగకండి. ఈ విమానాల్లో వాడే లైపో (లిథియం పాలిమర్) బ్యాటరీల్ని ఎండలో కారులో వదిలేయొద్దు, చార్జింగ్ పెట్టి పడుకోవద్దు, ఉబ్బినదాన్ని మళ్ళీ వాడొద్దు.

సౌత్ కరొలైనాలో వుడ్రఫ్ దగ్గర ట్రిపుల్ ట్రీ ఏరోడ్రోమ్‌లో ఏటా మే నెలలో జరిగే జో నాల్ వీక్ లాంటి పెద్ద సంబరాల గురించి కూడా క్లబ్ వాళ్ళు చెప్తారు. చూసి తీరాల్సిందే కానీ అక్కడి మనిషంత విమానాలు చూస్తే బాబు ట్రైనర్ ముట్టుకోడు. ఒక ఏడాది ఆగండి.

వెళ్ళే ముందు రోజు క్లబ్‌కి ఒక మెయిల్ పెట్టి, బాబు వయసు చెప్పి, బడ్డీ బాక్స్ ఉంటుందా అని అడగండి. గాలి ఎక్కువుంటే వాయిదా వేస్తారు, అది కూడా కనుక్కోండి. టోపీ, కూర్చోడానికి మడత కుర్చీలు మీరే తీసుకెళ్ళాలి.