రాయొద్దనకండి, వేళ అడగండి

గుంటూరు బ్రాడీపేట నుంచి ఒక చెల్లెలు రాసిన ఉత్తరం ఇది, కుదించి చెబుతున్నాను. వాళ్లాయనకు నలభై రెండేళ్లు. సీరియళ్లలో చిన్న వేషాలు, నెలకు ఆరేడు రోజులు హైదరాబాద్‌లో షూటింగ్, మిగతా రోజులు ఇంట్లో కూర్చుని నాటక పరిషత్తుల పోటీలకు నాటికలు రాయడం. "నాలుగింటికే లేస్తారు, పలకరిస్తే ఊ అంటారు, కూరలకి వెళ్తూ దారిలో తనలో తానే డైలాగులు చెప్పుకుంటారు, వీధిలోవాళ్లు నవ్వుతున్నారు. షూటింగ్ డబ్బులు రెండు మూడు నెలలకి గానీ రావు. పాప ఫీజుకి మా అన్నయ్యని అడగాల్సొచ్చింది. ఆ నోటుపుస్తకాలు తగలబెట్టాలనిపిస్తోంది" అన్నారు.

అమ్మా, పుస్తకాల జోలికి వెళ్లకండి. మీ కోపం నాకు అర్థమైంది, కానీ ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు తోచింది ఏంటంటే, మిమ్మల్ని ఎక్కువగా కోసింది ఆయన రాత కాదు, అన్నయ్య దగ్గర చెయ్యి చాచడం. అది ఆయనకి చెప్పారా? ఉత్తరంలో ఎక్కడా లేదు.

దారిలో డైలాగుల సంగతి మాత్రం వదిలేయండి. పాటవాళ్లకి సాధకం ఎలాగో వీళ్లకి అది అలా. నాటిక రాసేవాడు మాటని పైకి అని చూసుకోకపోతే, కాగితం మీద బాగున్న వాక్యం స్టేజీ మీద నటుడి నోట్లో ఇరుక్కుంటుంది. మా మేనమామ కూడా నాటకాలాడేవారు, ఆయన వసారాలో పచార్లు చేస్తూ వేషం పట్టుకుంటున్నప్పుడు మా అత్తయ్య కాఫీ గ్లాసు కిటికీలో పెట్టి మాట్లాడకుండా వెళ్లిపోయేది, కానీ ఎనిమిదింటికి సంచి చేతికిస్తే ఆయన బజారుకి వెళ్లాల్సిందే. మీరూ అలాగే బేరం పెట్టండి. నాలుగు నుంచి ఏడు దాకా ఆయన్ని ఎవరూ కదిలించరు, ఏడు దాటాక పుస్తకం మూత, పాపని తయారు చేసి బడికి పంపే పని ఆయనది. రాయడం మానేయమంటే మాత్రం ఇంట్లోనే ఉండి ఇంకా దూరమైపోతారు.

ఇక డబ్బు. ఇక్కడ నేను పూర్తిగా మీవైపే. గొల్లపూడి మారుతీరావు గారు ఏళ్ల తరబడి ఆకాశవాణిలో ఉద్యోగం చేస్తూనే నాటకాలు, కథలు రాశారు, 1982లో నటుడిగా తెరమీదికి వచ్చేనాటికి నలభై దాటాయి. నెల జీతం వల్ల ఆయన కలమేం ఆగలేదు. మీ ఆయనా నెలనెలా వచ్చేది ఒకటి చూసుకోవాలి, ఎంత చిన్నదైనా సరే. గుంటూరు, విజయవాడల్లో బడులకేం కొదవ, వార్షికోత్సవాలప్పుడు పిల్లల చేత నాటికలు వేయించే మాస్టారు కోసం వెతుక్కుంటారు, సాయంత్రాలు పిల్లలకి ఉచ్చారణ నేర్పినా నాలుగు డబ్బులొస్తాయి. ఆయన స్థాయికి తక్కువేం కాదది.

ఒక కేలండర్ తీసి గోడకి తగిలించండి. ఏ తేదీన షూటింగ్, దానికి ఎంత రావాలి, ఎప్పుడిస్తామన్నారు, ఇవన్నీ ఆయన చేతే రాయించండి. వచ్చే పేమెంటులో మొదట తీయాల్సింది అన్నయ్య డబ్బు, అదీ మీరు కాదు, ఆయనే స్వయంగా వెళ్లి ఇచ్చి రావాలి.