మామగారి హెరాల్డు, మీ మొహమాటం

"అమ్మా, నమస్కారం. మాది ఒంగోలు, పెళ్లయి 9 ఏళ్లు. అత్తగారు పోయాక మామగారు ఒంటరివారయ్యారని 4 ఏళ్ల క్రితం చెన్నై మడిపాక్కంలోని ఆయన ఇంటికి వచ్చేశాము. మా అమ్మ ఫోను చేసినప్పుడల్లా 'ఇంకెన్నాళ్లు ఆ ఇంట్లో' అంటుంది కాని, నేను నెలనెలా ఆయన ఖాతాలో 15,000 రూపాయలు వేస్తున్నాను, ఏ లోటూ చేయలేదు. ఆయన దగ్గర 1968 నాటి నాలుగు తలుపుల స్టాండర్డ్ హెరాల్డ్ కారు ఉంది. 1982లో సెకండ్‌హ్యాండ్‌లో కొన్నారు. మా ఆవిడ పుట్టినప్పుడు ఆసుపత్రి నుంచి ఇంటికి తెచ్చింది అందులోనే. అత్తగారు ఏటా ఆయుధపూజకు పసుపు రాసి బొట్టు పెట్టింది ఆ బోనెట్టుకే. 2015 వరదలో సీట్ల దాకా మునిగితే మామగారు దగ్గరుండి బాగుచేయించుకున్నారు. ప్రతి శనివారం నంగనల్లూరు ఆంజనేయస్వామి గుడికి అందులోనే వెళతారు. మొన్న భారీ వర్షమని హెచ్చరిక వచ్చి, అందరూ కార్లను వేళచ్చేరి వంతెన మీద పెడుతున్నారని తెలిసి, దీనినీ అక్కడికి చేర్చుదామనుకున్నాను. మామగారు మధ్యాహ్నం నిద్రలో ఉన్నారు. లేపడానికి మొహమాటపడి తాళంచెవి నేనే తీసుకున్నాను. బ్రేకు వేసినా ఆగక కారు గేటు పిల్లరును గుద్దుకుంది. ముందు ఎడమవైపు పెద్ద సొట్ట, దీపం పగిలింది, బోనెట్టు ఎడమ కొక్కెం పడడం లేదు. 'పోనీలెండి అల్లుడుగారూ, ఇనుమే కదా' అన్నారు ఆయన, అంతే. తెల్లవారుజామున లేచి ఆ సొట్ట మీద అరచెయ్యి ఆనించి నిలబడడం మేడమీది కిటికీలోంచి రోజూ చూస్తున్నాను. చాలా బాధపడుతున్నారని మా ఆవిడ చెప్పింది. అమెరికాలోని మా బావమరిది ఫోనులో నానా మాటలూ అన్నాడు. ఇకమీదట ఎవరూ నడపకుండా వింటేజ్ కారుగా రిజిస్టరు చేయించి మూల పెట్టమంటున్నాడు. ఇంగ్లండు నుంచి వేరే బోనెట్టు తెప్పించి, ఎవరికీ చెప్పకుండా ఆయన 75వ పుట్టినరోజుకు బిగించి ఇద్దామని నా ఆలోచన. లక్షన్నర అయినా అప్పు చేస్తాను. ఇది సరైన పనేనా?"

కాదు. అప్పు చేయవద్దు, బోనెట్టు తెప్పించవద్దు. హెరాల్డుకు బోనెట్టంటే పైమూత ఒక్కటే కాదని మీకు ఈపాటికి తెలిసే ఉంటుంది. రెండు మడ్‌గార్డులు, రెండు దీపాలు కలిసి ముందుభాగమంతా ఒకే ముక్కగా ముందుకు వాలుతుంది. అంటే మీరు మార్చదలచుకున్నది ఆ కారు మొహాన్నే. మీ అత్తగారు ఏటేటా బొట్టు పెట్టిన రేకును ఊడదీసి, ఏ దేశంలోనో ఎవరి ఇంటి ముందో తిరిగిన రేకును బిగించి, పుట్టినరోజు కానుక అంటే ఆయన ఏమనాలి? అదీ కాక ఆ కారు మన మద్రాసులోనే తయారైనది. నాలుగు తలుపుల హెరాల్డును ఇంగ్లండులో అసలు చేయనేలేదు, కనుక ఆ దేశంతో దానికున్న చుట్టరికం కాస్త దూరపుదే. సొట్ట తీయడం మంచి టింకరింగ్ మేస్త్రీకి చేతనైన పని. మీరు అడిగినదానికి ఇంతకంటే చెప్పవలసింది లేదు.

మీ ఉత్తరంలో నేను మళ్లీ మళ్లీ చదివిన వాక్యం వేరే ఉంది. మామగారిని నిద్ర లేపడానికి మొహమాటపడ్డానని రాశారు. పెళ్లయి తొమ్మిదేళ్లయిన అల్లుడు, నాలుగేళ్లుగా ఒకే కప్పు కింద ఆయనతో కలిసి అన్నం తింటున్న అల్లుడు, ఆయనకు ప్రాణంతో సమానమైన వస్తువును వరద నుంచి కాపాడడానికి వెళుతూ, ఆయన భుజం తట్టి 'లేవండి మామయ్యగారూ, వాన వస్తోంది' అనలేకపోయాడు. చెప్పకుండా తాళంచెవి తీయడానికి లేని మొహమాటం లేపడానికి ఎందుకు వచ్చింది? లేపితే ఆయన వద్దంటారేమో, లేదా తానే వచ్చి నడుపుతానంటారేమో, అప్పుడు ఆయనతో మాట్లాడవలసి వస్తుందేమో అన్న జంకు తప్ప నాకు వేరే కారణం తోచడం లేదు.

బ్రేకు వేసినా ఆగలేదని రాశారు. మీరు రోజూ నడిపే కారులో పెడలు మీద కాలు ఆనిస్తే చాలు, మిగిలిన బలం ఇంజను సాయంతో కారే అందుకుంటుంది. ఆ కాలపు డ్రమ్ము బ్రేకులకు ఆ ఊతం ఉండదు, తొడ బలం పెట్టి తొక్కాలి. ఈ సంగతి మీ మామగారి కాలికి నలభై ఏళ్లకు పైగా తెలుసు. ఈ నాలుగేళ్లలో ఎన్ని శనివారాలు వచ్చాయో లెక్కపెట్టుకోండి. ఒక్క శనివారం ఆయన పక్క సీటులో కూర్చుని, తిరుగు ప్రయాణంలో 'కాస్త దూరం నేను నడపనా' అని అడిగి ఉంటే మీ కాలికీ తెలిసేది. గేటు పిల్లరు దాకా వెళ్లేది కాదు వ్యవహారం.

ఇక ఆయన అన్న మాట. 'పోనీలెండి అల్లుడుగారూ' అన్నారని రాశారు. చివర ఉన్న ఆ 'ండి' మీకు మర్యాదగా వినిపించింది, నాకు గడప దగ్గర పరిచిన చాపలా వినిపించింది. కొడుకు గుద్ది ఉంటే ఆ రోజు వీధంతా వినేది, ఆ రాత్రికి ఇద్దరూ కలిసి అన్నం తినేవారు. అల్లుడిని మాట అంటే కూతురి కాపురానికి తగులుతుందని నేర్చుకుని పెరిగిన తరం వారిది. అందుకని కోపాన్ని మీ ముందు మింగి, తెల్లవారుజామున రేకు దగ్గరకు వెళ్లి నిలబడుతున్నారు. క్షమించేశారని మీరు అనుకోకండి, క్షమించలేదనీ అనుకోకండి. ఆ ఊసే ఇంకా మీ ఇద్దరి మధ్యకు రాలేదు.

ఈ సందర్భంలో మా ఇంటి ముచ్చట ఒకటి చెప్పక తప్పదు. మా నాన్నగారు మా వారిని జన్మలో ఒక్కసారే కసిరారు. పెళ్లయిన పదకొండో ఏడు వేసవిలో, మోటారు వేసి పేపరులో పడిపోయి, మేడమీది ట్యాంకు పొర్లి వీధిలోకి నీళ్లు పోయేదాకా మా వారు చూసుకోలేదు. 'బుద్ధుందటయ్యా నీకు?' అని నాన్నగారు పెరట్లోంచి కేకవేశారు. అమ్మా నేనూ వంటింట్లో కొయ్యబారిపోయాము. మా వారు మాత్రం తడిసిన పంచె పిండుకుంటూ వచ్చి, 'మీ నాన్న నన్ను నువ్వు అన్నారే' అని మురిసిపోయారు. ఆ రోజు నుంచి ఆ ఇంట్లో ఆయన మంచినీళ్లు తానే ముంచుకుని తాగడం మొదలుపెట్టారు.

మీరు నెలనెలా వేసే 15,000 మాట. మీ అమ్మగారు, ఇరుగుపొరుగు 'ఇల్లరికం' అనకుండా ఉండాలని ఆ డబ్బు వేస్తున్నారు, అవునా? డబ్బు వేయడం తప్పనడం లేదు. ఇంటి ఖర్చు పంచుకోవలసిందే. అయితే దాన్ని మీరు 'లోటు చేయలేదు' అన్న లెక్కలో రాశారు. లోటు చేయలేదనేది అద్దెకున్నవారు ఇంటివారి గురించి చెప్పుకునే మాట. ఇప్పుడీ లక్షన్నర బోనెట్టు కూడా ఆ ఖాతాలోదే: నష్టం చేశాను, విలువ కట్టాను, చెల్లించాను, ఇక నన్ను ఎవరూ ఏమీ అనడానికి లేదు. దిక్కులేని పెద్దమనిషిని చూసుకోవడానికి ఉన్న ఊరు వదిలి వచ్చినవారు మీరు. నిజానికి కొడుకు చేయవలసిన పని చేశారు, అందుకు మీ మీద నాకు గౌరవం ఉంది. అయితే కొడుకు బాధ్యత నెత్తిన పెట్టుకుని అల్లుడి మర్యాదను కూడా చెక్కుచెదరకుండా నిలుపుకుంటానంటే, ఆ రెండూ ఒక ఇంట్లో ఇమడవు. ఒకటి వదులుకోవాలి. ఏది వదులుకోవాలో నన్నడిగితే మర్యాదనే అంటాను. మీ అమ్మగారికి ఏం చెప్పుకుంటారో అది మీ ఇష్టం.

బావమరిది కోపాన్ని కోపంగానే వదిలేయండి. చిన్నతనమంతా ఆ వెనక సీటులో గడిపినవాడు, నాలుగు మాటలు అనే హక్కు ఉంది. కారును మూల పెట్టించే హక్కు మాత్రం లేదు. 2021లో వచ్చిన కేంద్ర నిబంధనల ప్రకారం 50 ఏళ్లు దాటిన కారుకు 20,000 రూపాయలు కట్టి, నంబరులో వి.ఎ. అక్షరాలతో వింటేజ్ రిజిస్ట్రేషను చేయించుకోవచ్చు. ఆ తరువాత దాన్ని రోజువారీ అవసరాలకు రోడ్డెక్కించకూడదు. ప్రదర్శనకో, ర్యాలీకో, పెట్రోలుకో, మరమ్మతుకో తప్ప. శనివారం గుడికి వెళ్లడం ఆ జాబితాలో లేదు. భార్య పోయిన మనిషికి వారానికి ఒకసారి ఉన్న ఆ ప్రయాణాన్ని అమెరికా నుంచి ఫోను చేసి రద్దు చేస్తారా? చేయించుకోవాలో, మామూలుగా 5 ఏళ్లకొకసారి ఆర్‌సీ పొడిగించుకుంటూ పోవాలో ఆ కారు ఎవరి పేరున ఉందో ఆయన తేల్చుకుంటారు. మీరిద్దరూ అందులో తలదూర్చకండి.

మీ ఆవిడను కూడా ఈ మధ్యవర్తిత్వం నుంచి విడుదల చేయండి. ఆయన బాధపడుతున్నారన్న సంగతి, ఆయన ఉండే ఇంట్లోనే ఉండి, మీకు ఆమె చెబితే తెలిసింది. తొమ్మిదేళ్లుగా ఇద్దరు మగవాళ్ల మధ్య ఆమెను తపాలా బంట్రోతును చేశారు.

రేపు తెల్లవారుజామున ఆయన కారు దగ్గర నిలబడినప్పుడు కిటికీ దగ్గర ఆగిపోకుండా కిందికి దిగండి. చేతిలో కాఫీ గ్లాసులు ఉంటే ఉండనివ్వండి, కవరూ చెక్కూ మాత్రం ఉండకూడదు. వానతోనూ బ్రేకుతోనూ మొదలుపెట్టకండి. 'మిమ్మల్ని లేపకుండా తాళంచెవి తీయడం నా తప్పు మామయ్యగారూ' అనండి, ఆపైన కాసేపు నోరు మూసుకోండి. ఆయన తిడితే నిలబడి తినండి. ఏమీ అనకపోతే, ఆ సొట్ట ఏ మేస్త్రీ తీస్తాడో అడగండి. 2015లో చేసినవాడు ఎవరో ఆయనకు తెలియకుండా ఉండదు. దీపానికి పుదుపేటలోనో జనరల్ ప్యాటర్స్ రోడ్డులోనో పాత సామాను కొట్లు తిరగవలసి రావచ్చు. ఆఫీసుకు ఒకరోజు సెలవు పెట్టి ఆయన వెంట మీరే వెళ్లండి, బేరం ఆయన చేస్తారు, సంచీ మీరు పట్టుకోండి. డబ్బు తానే ఇస్తానంటే ఇవ్వనివ్వండి, పోటీ పడి పర్సు తీయకండి. బోనెట్టును ముందుకు వాల్చి, మళ్లీ వెనక్కి దించి, రెండు పక్కలా కొక్కేలు పడేదాకా సర్దడం ఆ వయసులో ఒక్క మనిషి వల్ల అయ్యే పని కాదు. కుడివైపు ఆయన, ఎడమవైపు మీరు.

పేరు వేయవద్దని కోరారు, వేయలేదు. వీధి పేరు కూడా తీసేశాను. కారును మాత్రం తీసేయలేకపోయాను. మడిపాక్కంలో శనివారం శనివారం గుడికి వెళ్లే హెరాల్డులు ఎన్నో ఉండవు, మా పత్రిక మీ ఇంటికి వస్తుందనీ మామగారు మొదటి పుట నుంచి చివరి దాకా చదువుతారనీ మీరే రాశారు. శుక్రవారం సంచిక గుమ్మంలో పడేలోగా కిందికి దిగండి.