డిసెంబరు గడువు చూసి తొందరపడకు

చిరంజీవి అమ్ములుకు,

అత్తయ్య ఆశీస్సులు. నీ మెయిలు రాత్రి చదివాను, పొద్దున లేచి మళ్లీ చదివాను. అర్థశాస్త్రంలో పీహెచ్‌డీ చేయాలన్న నీ కోరిక నాకెంత సంతోషం కలిగించిందో మాటల్లో చెప్పలేను. మన ఇంట్లో నా తరువాత ఆ దారి పట్టేది నువ్వే. అందుకే మొహమాటం లేకుండా రాస్తున్నాను. ఈ డిసెంబరులో పన్నెండు అమెరికా విశ్వవిద్యాలయాలకు దరఖాస్తు పెడతానన్నావు. ఈసారి పెట్టవద్దు. ఆశ వదులుకోమనడం లేదు, రెండేళ్లు ఆగమంటున్నాను.

నీ మెయిలులో జీఆర్‌ఈ ప్రవేశ పరీక్ష గురించి పేజీన్నర ఉంది. సిఫార్సు లేఖల గురించి ఒక్కటే వాక్యం: "ముగ్గురు సార్లూ ఇస్తామన్నారు, మనమే రాసి తీసుకువెళితే సంతకం పెడతారట." ఆ వాక్యం దగ్గరే నేను ఆగిపోయాను.

ఎందుకంటే మొదటిసారి నేను చేసింది సరిగ్గా అదే. మూడు లేఖలూ నేనే రాసి, తెనాలిలో ఒకే టైపు ఇన్‌స్టిట్యూట్‌లో, ఒకే మిషను మీద కొట్టించాను. ఆ మిషనులో 'టీ' అక్షరం కాస్త పైకి లేచి పడేది. మూడు లేఖల్లోనూ అది అలాగే లేచి ఉంది. ముగ్గురూ చదవకుండానే సంతకాలు పెట్టారు. దరఖాస్తు పెట్టిన ఆరు చోట్ల నుంచీ కాదనే జవాబు వచ్చింది. నా మార్కులు చూడలేదా అని రోజుల తరబడి బాధపడ్డాను. చాలా ఏళ్ల తరువాత నేనే అడ్మిషన్ కమిటీలో కూర్చుని అలాంటి ఫైళ్లు తిరగేసినప్పుడు కానీ విషయం బోధపడలేదు. "కష్టపడే స్వభావం, క్రమశిక్షణ, తరగతిలో మొదటి ఐదుగురిలో ఒకరు" అని రాసిన లేఖలు వందల్లో వస్తాయి. చదివి పక్కన పెట్టేస్తాం. ఆ అమ్మాయి ఎలా ఆలోచిస్తుందో వాటిలో ఎక్కడా కనిపించదు.

ఒక ఏడాది వచ్చిన లేఖ ఒకటి నాకిప్పటికీ గుర్తుంది. పల్లెల్లో కూలి పనుల మీద చేసిన ఒక సర్వే గురించి అందులో ఉంది. ఒక్క ప్రాంతంలో మాత్రం పనిరోజుల సగటు మిగతా చోట్లకు రెట్టింపు వస్తోంది. అక్కడ పనులు బాగా దొరుకుతున్నాయి కాబోలని బృందమంతా అనుకున్నారట. కొత్తగా చేరిన సహాయకురాలు మాత్రం కాగితం ఫారాలు తెప్పించుకుని, ఒక్కొక్కటే చూసి, అక్కడి సర్వేయర్లు వారం లెక్కకు బదులు పదిహేను రోజుల లెక్క రాశారని పట్టుకుంది. లేఖ రాసిన పరిశోధకుడు ఆ సంగతి ఒక పేరాలో చెప్పాడు. ఆమె మార్కులు గొప్పవేమీ కావు. అయినా ఆమె గురించి అరగంట మాట్లాడుకున్నాం, సీటు ఇచ్చాం.

నీ పనిని దగ్గరుండి చూసిన మనిషి నీకింకా లేరు. ముందు ఆ లోటు తీరాలి. ఎంఏ అయ్యాక ఒక పరిశోధకుడి దగ్గర రెండేళ్లు పనిచేయి. దీన్నే ఇప్పుడు ప్రీ-డాక్ అంటున్నారు. అమెరికా విశ్వవిద్యాలయాల్లో కొన్ని విదేశీయులనూ తీసుకుంటాయి. మన దేశంలో, పేదరికం తగ్గించే పథకాలను పరీక్షించి చూసే పరిశోధన సంస్థ జే-పాల్ దక్షిణాసియా విభాగం రీసెర్చ్ అసోసియేట్లను నియమించుకుంటుంది. హైదరాబాదులోనే బేగంపేటలో సెస్ (సెంటర్ ఫర్ ఎకనామిక్ అండ్ సోషల్ స్టడీస్) ఉంది. ఇంకో సంగతీ దాచను: లేఖ ఎవరు రాశారన్నదీ కమిటీ చూస్తుంది. తమకు తెలిసిన, పరిశోధన పత్రాలు ప్రచురిస్తున్న వ్యక్తి మాటకు విలువ ఎక్కువ ఇస్తుంది. న్యాయమా అంటే కాదు, కానీ జరుగుతున్నది అదే. జీతం సాఫ్ట్‌వేరు కొలువులో వచ్చేంత రాదు. ఆ విషయం అన్నయ్యకు నేను నచ్చజెబుతాను.

ఆ ఉద్యోగాల్లో నీ తెలుగు కూడా అక్కరకొస్తుంది. సర్వే ప్రశ్నలో "మీ కుటుంబంలో ఎంతమంది?" అని ఉంటే, పల్లెలో పెద్దావిడ పట్నంలో ఉన్న కొడుకునూ, అత్తారింట్లో ఉన్న కూతురినీ కలిపి చెబుతుంది. "ఒకే పొయ్యి మీద వండుకుని తినేవాళ్లు ఎంతమంది?" అని అడిగితేనే అసలు లెక్క వస్తుంది. ఆ తేడా తెలిసిన మనిషి పరిశోధన బృందానికి చాలా అవసరం.

ఈ రెండేళ్లలో గణితం మళ్లీ మొదలుపెట్టు. డిగ్రీలో రియల్ అనాలిసిస్‌లో తొంభై రెండు వచ్చాయన్నావు. కానీ మొన్న ఫోనులో అవిచ్ఛిన్న ప్రమేయానికి (కంటిన్యువస్ ఫంక్షన్) నిర్వచనం గడగడా చెప్పి, దాన్ని తిరగేసి "ఏ ప్రమేయం అవిచ్ఛిన్నం కాదు?" అని అడిగితే మౌనంగా ఉండిపోయావు. ఆ నిర్వచనంలోని ఎప్సిలాన్, డెల్టాలను బట్టీ పట్టించిన చదువు అది, నీ తప్పు కాదు. ఇక నుంచి రోజుకొక సిద్ధాంతం చదివి, పుస్తకం మూసి, తెల్లకాగితం మీద నీ మాటల్లో నిరూపించు. లీనియర్ ఆల్జీబ్రా, సంభావ్యత కూడా అలాగే చేయి. పీహెచ్‌డీ మొదటి ఏడాదంతా మైక్రో, మాక్రో, ఎకనామెట్రిక్స్. అవి మన ఎంఏలో చదివినట్లు ఉండవు, చాలా వరకు నిరూపణలే. చాలా చోట్ల ఆ ఏడాది చివర పెట్టే పరీక్షల్లో గట్టెక్కలేనివాళ్లు మాస్టర్స్ పట్టాతో వెనుదిరగవలసి వస్తుంది. కమిటీ నీ గణితం మార్కులను అంత పట్టి చూసేది అందుకే. జీఆర్‌ఈ క్వాంట్‌లో 170కి 167 తెచ్చుకుంటే చాలు, ఇక దాని జోలికి పోకు.

డబ్బు సంగతి. అన్నయ్య పొలం తాకట్టు పెడతానన్నాడని విని నాకు నిద్ర పట్టలేదు. మన చుట్టుపక్కల పిల్లలు ఎంఎస్‌కు అప్పు చేసి వెళ్లడం చూసి, ఇదీ అంతేననుకున్నట్లున్నాడు. అమెరికాలో అర్థశాస్త్ర పీహెచ్‌డీకి మంచి విభాగాలు ట్యూషన్ ఫీజు తీసుకోవు. పైగా ఊరినీ విశ్వవిద్యాలయాన్నీ బట్టి ఏడాదికి సుమారు 25,000 నుంచి 50,000 డాలర్ల దాకా స్టైపెండు ఇస్తాయి. బదులుగా కొన్నేళ్లు పాఠాలు చెప్పడంలో సాయం చేయాలి. స్టైపెండు లేకుండా సీటు ఇస్తామంటే, ఎంత పేరున్న చోటైనా సరే, వెళ్లవద్దు. అయిదారేళ్ల చదువు ఇది, అంతకాలం అప్పు మీద బతకలేము. దరఖాస్తు రుసుము మాత్రం తప్పదు, ఒక్కోచోట వంద డాలర్ల అటూ ఇటూ. కొన్ని విశ్వవిద్యాలయాలు అడిగితే మినహాయిస్తాయి. అడగడానికి సిగ్గుపడకు.

ఇక నీ స్టేట్‌మెంట్ ఆఫ్ పర్పస్, అంటే దరఖాస్తుతో పంపే వ్యాసం. "చిన్ననాటి నుంచి పేదరికం నన్ను కలచివేసింది" అని మొదలుపెట్టావు. నిజమే కావచ్చు, కానీ దానితో నీకు పరిశోధన చేయడం వచ్చో రాదో తెలియదు. రెండో పేజీలో మైక్రోఫైనాన్స్ (పేదలకిచ్చే చిన్న అప్పులు) వాళ్ల జీవితాలు మారుస్తుందని రాశావు. మీ హైదరాబాదు బస్తీల్లోనే దీన్ని పరీక్షించారు తెలుసా? అప్పు తీసుకున్నవాళ్లను తీసుకోనివాళ్లతో పోల్చితే ఏమీ తేలదు. చొరవ గలవాళ్లే ముందు అప్పుకు వెళతారు, తరువాత బాగుపడితే అది అప్పు చలవా, చొరవ చలవా? అందుకని అర్థశాస్త్రవేత్తలు అభిజిత్ బెనర్జీ, ఎస్తేర్ డఫ్లో, మరో ఇద్దరు కలిసి 104 బస్తీలు తీసుకున్నారు. లాటరీ పద్ధతిలో 52 ఎంచి, ముందుగా అక్కడ రుణ సంస్థ శాఖలు తెరిపించి, తరువాత రెండు వైపులా పోల్చారు. 2015లో ప్రచురించిన ఫలితాల్లో చిన్న వ్యాపారాలు కొంత పెరిగినట్లు కనిపించింది. ఇంటి వినియోగంలో కానీ, పిల్లల చదువులో కానీ, ఇంట్లో ఆడవాళ్ల మాట చెల్లుబాటులో కానీ చెప్పుకోదగిన మార్పు రాలేదు. ఈ పత్రం చదవకుండా నువ్వు రాసిన వాక్యం, చదివిన కమిటీ సభ్యుడి కంట పడుతుంది.

అంతకంటే మంచి ప్రశ్న నీ దగ్గరే ఉంది. సంక్రాంతికి వచ్చినప్పుడు మీ అమ్మమ్మ వాళ్ల ఊరి డ్వాక్రా సంఘం సంగతి చెప్పావు. ఒకావిడ వాయిదా కట్టలేకపోతే మిగతావాళ్లు తలా కొంత వేసి కట్టారనీ, ఆ తరువాత వరినాట్లకు ఆవిడను ఎవరూ పిలవలేదనీ అన్నావు. అంటే బ్యాంకు లెక్కల్లో ఆ అప్పు తీరింది, కానీ ఆవిడ కూలి పోయింది. ఆ నష్టాన్ని ఎవరు కొలిచారు? ఎలా కొలుస్తారు? దాన్ని రాయి. జవాబు నీకు తెలియనక్కరలేదు. కన్సల్టెన్సీ వాళ్లకు డబ్బిచ్చి మాత్రం రాయించకు.

అమెరికాయే గమ్యమని కూడా అనుకోవద్దు. ఢిల్లీ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్, ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్, ముంబైలోని ఇందిరా గాంధీ అభివృద్ధి పరిశోధన సంస్థ (ఐజీఐడీఆర్) నిజంగా మంచి చోట్లు. యూజీసీ నెట్ పరీక్షలో జేఆర్‌ఎఫ్ (జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్) వస్తే నెలకు 37,000 రూపాయల ఫెలోషిప్ ఉంటుంది. డిసెంబరు విడతలో ఆ పరీక్ష రాయి, నేనూ సంతోషిస్తాను.

రెండేళ్ల తరువాత దరఖాస్తు పెట్టేటప్పుడు నవంబరు మొదట్లోనే నీకు లేఖలు రాసేవాళ్లకు చెప్పు. చాలా చోట్ల డిసెంబరులోనే గడువు ముగుస్తుంది. ఫిబ్రవరి, మార్చిలలో జవాబులు వస్తాయి. సీటు వస్తే ఏప్రిల్ 15 దాకా ఆలోచించుకోవచ్చు.

ఇప్పటికి నాకు రెండు పంపు: నీ మార్కుల జాబితా, ఎంఏ ప్రాజెక్టుకు నువ్వు గణాంకాల సాఫ్ట్‌వేరు స్టాటాలో రాసిన ఫైలు. శుద్ధి చేసి అందంగా మార్చవద్దు, ఉన్నది ఉన్నట్లే పంపు. ఆదివారం మీకు పొద్దున ఎనిమిదింటికి ఫోను చేస్తాను. అన్నయ్యను కూడా దగ్గర కూర్చోబెట్టు, పొలం కాగితాలు బీరువాలోనే ఉంచమను.

మీ అత్తయ్య